క్యాలెండర్‌లోని చర్చి లోపలికి వెళ్ళి చూశాను

నేను జర్మనీ వెళ్ళొచ్చానని తెలిసి మా వీధిలో ఎనిమిది మంది పలకరించారు. ఐదుగురు చలి గురించి అడిగారు, ఇద్దరు చాక్లెట్ల గురించి, ఒకావిడ మా చెల్లెలి కూతురి జీతం గురించి. చర్చి ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు. డెబ్భై మూడేళ్ళ వయసులో మోకాళ్ళకి పట్టీలు చుట్టుకుని నేను అంత దూరం వెళ్ళింది ఆ ఒక్క చర్చి చూడటానికి. అడగకపోయినా చెబుతాను.

మాది గుంటూరు జిల్లాలో చిన్న ఊరు. మా తాతల కాలంలో మిషనరీలు నల్లరాయితో, గానుగ సున్నంతో కట్టించిన చర్చి ఉంది. రెండేళ్ళుగా దాన్ని కూల్చేసి గాజు ముఖద్వారం, ఏసీ ఉన్న హాలు కట్టాలని కమిటీ పట్టుబట్టింది. కమిటీ కార్యదర్శి ప్రకాశరావుకి టైల్స్ షాపు ఉంది. ఇంతకంటే వివరంగా రాయను.

నేను అడ్డం తిరిగాను. నా చేతిలో ఉన్న ఆధారం ఒక క్యాలెండర్ పేజీ. మా సంఘంతో స్నేహం ఉన్న ఒక జర్మన్ సంఘం ఏటా క్యాలెండర్ పంపుతుంది. అందులో ఒక నెల బొమ్మ ఏడువందల ఏళ్ళ నాటి చర్చి. యుద్ధంలో బాంబులకి కూలిందనీ, తరవాత మళ్ళీ కట్టారనీ కింద ఇంగ్లీషులో ఒక ముక్క. ఆ పేజీ కత్తిరించి లామినేషన్ చేయించాను. ప్రతి మీటింగులో పైకెత్తి చూపించాను. "బూడిదైపోయినదాన్ని వాళ్ళు ఒక్క రాయి కూడా మార్చకుండా ఉన్నది ఉన్నట్టు నిలబెట్టుకున్నారు. మన మీద బాంబు పడలేదు, కప్పు కారుతోంది, అంతే" అని వాదించాను.

జనవరి మీటింగులో ప్రకాశరావు అందరి ముందూ నవ్వాడు. "పిన్నిగారూ, మీరు చూసింది బొమ్మ. క్యాలెండర్లో మా షాపు కూడా తాజ్‌మహల్లాగే ఉంటుంది. వెళ్ళి చూసొచ్చి చెప్పండి, వింటాం."

"మాటేనా?"

"మాటే. మే పద్దెనిమిది ఆదివారం ఓటింగ్. ఈలోగా వెళ్ళొస్తారా?"

ఆ నెలాఖరుకే వీసాకి పెట్టాను. హానోవర్‌లో మా చెల్లెలి కూతురు సునీత సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. ఆ చర్చి అక్కడికి గంటన్నర.

ఫ్రాంక్‌ఫర్ట్, మే 7, బుధవారం

కోపం హైదరాబాద్ విమానాశ్రయంలోనే మొదలైంది. నేను నీటిపారుదల శాఖలో పటాల నకళ్ళు గీసే ట్రేసర్‌గా చేరి ముప్పై నాలుగేళ్ళు పనిచేసి హెడ్ డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరయ్యాను. టేపు, కొలతల పుస్తకం, ఇత్తడి తూకం గుండు లేకుండా ఏ కట్టడం దగ్గరికీ వెళ్ళను. గోడ నిటారుగా ఉందో లేదో తాడుకి కట్టి చూసుకునే గుండు అది. దాని మొన చూసి ఆయుధమన్నారు. "ఈ వయసులో నేను ఎవర్ని పొడుస్తానమ్మా?" అని అడిగితే తనిఖీ చేసే పిల్ల దాన్ని డబ్బాలో పడేసింది.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో హానోవర్ రైలు నలభై రెండు నిమిషాలు ఆలస్యం. ప్లాట్‌ఫారం మీద రెండు వందల మంది ఉన్నారు, ఒక్కరూ గొంతు పెంచలేదు. నాకు అదీ కోపం తెప్పించింది. పక్క బెంచీ మీద యాభై ఏళ్ళాయన నా సంచీ మీద తెలుగు అక్షరాలు చూసి పలకరించాడు. పేరు సలీం, హైదరాబాద్ మనిషి, విమానాశ్రయంలో సామాను విభాగంలో పని.

"పరేషాన్ గాకుర్రి అమ్మా. ఈడ రైలు లేటయితే సారీ అన్న చెప్తరు. మనకాడ గదీ లేదు. ఎటు పోతున్రు?"

చెప్పాను. ఏడువందల ఏళ్ళ చర్చి, యుద్ధం తరవాత యథాతథంగా నిలబెట్టారు అన్నాను. ఆయన గడ్డం నిమురుకున్నాడు.

"గీ ఊర్ల పాత బజార్ ఉన్నది, సూసిన్రా? కట్టె ఇండ్లు, మస్తుగుంటయ్. టూరిస్టులు ఫోటోల మీద ఫోటోలు. గది కడుతున్నప్పుడు నేను ఈడనే ఉన్న. గా పాత బజార్ మా చిన్న బిడ్డ కంటే చిన్నది."

"మా చర్చి అలాంటిది కాదు" అన్నాను.

"గట్లనే గానియ్యుర్రి" అని కాఫీ తెచ్చిచ్చాడు. మూడు యూరోల ఎనభై సెంట్లు. నేను తీసిచ్చిన డబ్బు తీసుకోలేదు. మంచి మనిషి. ఆ మాట అన్నందుకు మాత్రం రైలెక్కేదాకా ఆయనతో ముభావంగా ఉన్నాను. ఇప్పుడు అనుకుంటే సిగ్గుగా ఉంది.

హానోవర్, మే 8, గురువారం

సునీత ఇల్లు నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు, అరవై ఎనిమిది మెట్లు. ఇంట్లో చెత్తకి నాలుగు డబ్బాలు, ఏది ఎందులో వేయాలో గోడకి కాగితం. టీ పొడి పిప్పి ఒక డబ్బాలో వేస్తే సునీత కూతురు, ఏడేళ్ళ ఎస్తేరు వచ్చి తీసి వేరే డబ్బాలో వేసింది. నా వైపు ఒక చూపు చూసింది. "అన్నం తిన్నావా బంగారం?" అంటే "యా, షోన్" అంటుంది. తినేసిందట. తెలుగు అర్థమవుతుంది, నోట్లోంచి రాదు.

ఈ నెలల్లో అక్కడ తెల్లటి కాడ ఒకటి దొరుకుతుంది, ష్పార్గెల్ అంటారు. బజారులో దాని కోసం క్యూ కడతారు. కిలో పద్నాలుగు యూరోలు. సునీత దాన్ని ములక్కాడ వేసినట్టు పప్పుచారులో వేసింది. నమలడానికీ ఏమీ లేదు, ఉమ్మడానికీ ఏమీ లేదు.

"రేపు చర్చికి టెర్మిన్ తీసుకున్నా పెద్దమ్మా, అపాయింట్‌మెంట్. పదకొండింటికి. ఆలస్యమైతే ఒప్పుకోరు."

"చర్చికి టెర్మిన్ ఏంటే?"

"ఎప్పుడూ తాళమే ఉంటుంది. శుక్ర, శనివారాలు రెండేసి గంటలు ఒక పెద్దావిడ వచ్చి తెరుస్తుంది."

"మన చర్చి తలుపు ఎప్పుడైనా మూశామా?"

"మన తలుపు మూసుకోదుగా, చెక్క ఉబ్బిపోయి" అంది. అది నిజమే.

చర్చి, మే 9, శుక్రవారం

ఆ ఊరి పేరు రాయను. ఎందుకో శనివారం సంగతి చదివితే తెలుస్తుంది.

రైలు దిగి పదకొండు నిమిషాలు నడిచాం. మలుపు తిరగ్గానే క్యాలెండర్ పేజీ ఎదురుగా నిలబడింది. చదరపు గోపురం, పైన కోసుగా రాగి కప్పు పచ్చబడి ఉంది. కింద మొన కమాను ఉన్న పడమటి తలుపు, దాని చుట్టూ ఒకదాని లోపల ఒకటిగా నాలుగు రాతి వరసలు. సంచీలోంచి బొమ్మ తీసి పక్కన పెట్టి చూశాను. వరసలు నాలుగూ సరిపోయాయి. సునీతతో ఫోటో తీయించుకున్నాను. ప్రకాశరావుకి అప్పుడే పంపిద్దామనుకున్నాను. పంపకపోవడం మంచిదైంది.

తాళం తీసినావిడ పేరు ఇల్జె. ఎనభై నాలుగేళ్ళు, నాకంటే నిటారుగా ఉంది. లోపలికి అడుగు పెట్టి తల ఎత్తాను.

రాతి కమానుల కప్పు లేదు. బల్లపరుపు చెక్క కప్పు, మా ఆఫీసు రికార్డు గదికి ఉన్నట్టు. దాన్ని మోస్తూ కాంక్రీటు దూలాలు. గోడలు ఇంచుమించు నా గడ్డం ఎత్తు దాకా పాత రాయి. ఆ పైన ఉత్త ఎర్ర ఇటుక. పూత లేదు, రెండూ కలిసే చోట దాచడానికి చిన్న పట్టీ కూడా లేదు. కోసి అతికించినట్టు గీత కనిపిస్తోంది. స్తంభాలు నడుము దాకా చెక్కిన రాయి, పైన నున్నటి గుండ్రటి సిమెంటు. ఒక స్తంభం ఒరిగినట్టు అనిపించి సునీత తాళాలు దారానికి కట్టి వేలాడదీశాను. రెండు వేళ్ళ మందం దక్షిణానికి ఒరిగే ఉంది.

దక్షిణం గోడకి ఐదు కిటికీలు. నాలుగింట్లో నిలువు కడ్డీలు తప్ప ఏమీ లేవు. ఐదోదాంట్లో మాత్రం పైభాగమంతా రాతి అల్లిక, మూడు రేకుల పువ్వులు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉన్నాయి. మిగతా నాలుగూ ఏమయ్యాయి?

"ఇది మోసం అని ఆవిడకి చెప్పు" అన్నాను సునీతతో. "బయట ఒకటి, లోపల ఇంకొకటి. ఈ బొమ్మ పట్టుకుని నేను రెండేళ్ళు ఊళ్ళో గొడవపడ్డానని చెప్పు."

సునీత చాలా తక్కువ మాటల్లో ఏదో చెప్పింది. ఆవిడ తల ఊపింది.

"ఏం చెప్పావు?"

"మీకు కొంచెం ఆశ్చర్యంగా ఉందని చెప్పా."

"నాకు ఆశ్చర్యం కాదే, కోపం. కోపం అనే మాట చెప్పు."

చెప్పింది. ఇల్జె నన్ను కింది నుంచి పైకి చూసి, ఈసారి నవ్వింది. ఆవిడ మాట సునీత ఇలా చెప్పింది: "తనకీ కోపమేనట. ఎనభై ఏళ్ళుగా ఉందట. కూర్చోమంటోంది."

కూర్చున్నాం. ఆవిడ చెప్పింది ఇది. బాంబులు పడిన రాత్రి కప్పంతా కూలింది. వాళ్ళమ్మ, వీధిలో ఆడవాళ్ళు శిథిలాల్లో కూర్చుని ఇటుకలకి అంటుకున్న సున్నం సుత్తితో గీకి పేర్చేవాళ్ళు. మళ్ళీ కట్టే రోజు వచ్చినప్పుడు ఇంజనీరు అడిగాడు, పాత కట్టడం కొలతలు ఏవని. ఎవరి దగ్గరా లేవు. ఫోటోలు ఉన్నాయి, అన్నీ బయట నుంచి తీసినవే. పెళ్ళిళ్ళవి, ఊరేగింపులవి, గోపురం ముందు నిలబడి తీయించుకున్నవి. వాటిని చూసి గోపురం, తలుపు లేపారు. లోపల ఎవరూ ఏదీ కొలవలేదు. ఆరువందల ఏళ్ళకి పైగా ప్రతి ఆదివారం వచ్చి కూర్చున్నారు, కప్పు ఎంత ఎత్తో ఒక్కరూ రాసి పెట్టలేదు.

"అందాజుగా కట్టొచ్చుగా?" అన్నాను.

"కట్టమన్నవాళ్ళు ఉన్నారట" అని సునీత తర్జుమా చేసింది. "పాస్టరు ఒప్పుకోలేదట. తెలిసినంత మేర తెలిసినట్టు కట్టండి, తెలియని చోట తెలియదని కనపడేట్టు కట్టండి అన్నాడట."

"మరి ఆ కిటికీ?"

ఇల్జె లేచి మమ్మల్ని పక్క గదిలోకి తీసుకెళ్ళింది. గోడ మీద అద్దం కింద పాత డ్రాయింగు కాగితం. యుద్ధానికి ముందు ఆ ఊరి బడిలో లెక్కల టీచరమ్మ ఒకావిడ, వృత్తలేఖినితో వృత్తాలు గీయడం నేర్పడానికి పిల్లల్ని నిచ్చెన వేయించి ఆ ఒక్క కిటికీ కొలిపించింది. మధ్య గీతలు, వ్యాసార్ధాలు, కేంద్రాలు, రాయి మందం, అన్నీ సెంటీమీటర్లలో. తరవాతెప్పుడో బయటపడిన ఈ కాగితం చూసే ఆ కిటికీ మళ్ళీ చెక్కారట. నాకు జర్మన్ రాదు. ఆ కాగితం చదవడానికి అక్కర్లేదు. కుడి మూల ఒక కొలత తప్పు రాసి కొట్టేసి పైన సరి చేసింది. నేనూ అలాగే కొట్టేసేదాన్ని, రబ్బరు వాడకుండా.

ఇల్జె ఏదో అడిగింది.

"ఏమంటోంది?"

"మీరు డ్రాఫ్ట్స్‌మన్ అని చెప్పా కదా. మీ చర్చి డ్రాయింగు చూపించమంటోంది."

ముప్పై నాలుగేళ్ళలో నేను ఎన్ని కాలవలు, ఎన్ని తూములు, ఎన్ని లాకులు గీశానో నా దగ్గర లెక్క ఉంది. నేను బాప్తిస్మం తీసుకున్న చర్చికి, నా పెళ్ళి జరిగిన చర్చికి, ఇంటి గుమ్మంలోంచి కనపడే చర్చికి ఒక్క గీత గీయలేదు. గోడ మందం ఎంత? తెలియదు. కిటికీలు ఎన్ని? ఎనిమిదో పదో కూడా ఖాయంగా చెప్పలేకపోయాను. రెండేళ్ళు నోటితో పోట్లాడాను తప్ప టేపు బయటికి తీయలేదు.

"లేదని చెప్పు" అన్నాను. సునీత ఈసారి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పింది.

చర్చి, మే 10, శనివారం

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. టెర్మిన్ లేదు. ఇల్జె అడగలేదు. రాయి, ఇటుక కలిసే గీత ఎత్తు నాలుగు చోట్ల కొలిచాను. ఒక్కోచోట ఒక్కోలా ఉంది. గోడ ఎక్కడ విరిగి ఆగిందో అక్కడే ఇటుక మొదలుపెట్టారు, సమం చేయడానికని ఒక్క పాత రాయి కూడా చెక్కలేదు. ఇది చూశాక ఆ సిమెంటు స్తంభాల మీద కోపం సగం తగ్గింది. పూర్తిగా తగ్గలేదు. అవి వికారంగానే ఉన్నాయి.

గోపురం ఎక్కకూడదని బోర్డు ఉంది, బీమా కంపెనీ ఒప్పుకోదట. ఇల్జె తలుపు తాళం తీసి బోర్డు వైపు వీపు పెట్టి నిలబడింది. నూట పన్నెండు మెట్లు ఎక్కాను. సునీత కింద నుంచి "పెద్దమ్మా, మీకేమైనా అయితే అమ్మ నన్ను చంపేస్తుంది" అని అరుస్తూనే ఉంది. ఊరి పేరు రాయకపోవడానికి ఇదే కారణం.

చర్చి, మే 11, ఆదివారం

ఆరాధనకి పద్నాలుగు మంది, మాతో కలిపి. మూడు వందల కుర్చీలు. మా ఊళ్ళో కప్పు కారుతున్నా చాపల మీద చోటు చాలక మెట్ల మీద కూర్చుంటారు. ఇంత జాగ్రత్తగా నిలబెట్టుకుని ఎవరూ రాని చర్చి ఒకటి, ఇంతమంది వచ్చి కూల్చేయమనే చర్చి ఒకటి. ఎవరి మీద కోపపడాలో తేలక పాట పుస్తకం గట్టిగా మూశాను. ముందు వరసాయన వెనక్కి తిరిగాడు.

బయటికొచ్చి ప్రకాశరావుకి ఫోన్ చేశాను.

"చెప్పండి పిన్నిగారూ! రాయి మీద రాయి పెట్టారా?"

"పెట్టలేదు. నేను చెప్పింది తప్పు. బయట పాతలా ఉంది, లోపల చాలావరకు కొత్తదే."

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటానని అతను అనుకోలేదు.

"అయితే ఇంక గొడవ లేదన్నమాట."

"ఉంది. ఓటు ఏదైనా వేసుకోండి. కొలిచేదాకా ఒక్క రాయి కదపడానికి వీల్లేదు. నాకు ముప్పై రోజులు కావాలి."

"కూల్చేదానికి కొలతలెందుకు పిన్నిగారూ?"

"కూల్చేదానికే కావాలి. ఉండేదాన్ని రేపు కూడా కొలవచ్చు."

"అలాగే కానీండి. కాకపోతే..." అని నసిగాడు. "వెస్ట్రీ గది మొన్న బుధవారం తీయించేశాం. వానలొస్తే గోడ ఎవరి మీదైనా పడుతుందని. చిన్న గదేగా, పాస్టర్‌గారు బట్టలు మార్చుకునేది."

"ఓటింగ్ పద్దెనిమిదినన్నావు."

"అది చర్చికండి. ఇది గదేగా."

నేను విమానంలో ఉన్న రోజు అది. రాళ్ళెక్కడని అడిగాను. రోడ్డు గుంతలు పూడ్చడానికి ట్రాక్టరులో తోలేశారట. ఫోన్‌లో ఏమన్నానో ఇక్కడ రాయను. చర్చి ఆవరణలో అన్నాను గనక దేవుడు విన్నాడు, సునీత కూడా వింది.

మా ఊరు, జూన్ 1, ఆదివారం

పదహారున ఇంటికొచ్చాను. పద్దెనిమిదిన మీటింగులో నేను చూసింది చూసినట్టు చెప్పాను, సిమెంటు స్తంభాలతో సహా. లామినేషన్ బొమ్మ నేను తప్పుగా చూపించానని కూడా చెప్పాను. చేతులు లెక్కపెట్టింది నేనే. కూల్చమని నూట నలభై ఒకటి, వద్దని ఎనభై ఎనిమిది. ఓడిపోయాం. ముందు కొలవాలన్నదానికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేదు. దానివల్ల ఎవరికీ ఏ నష్టమూ కనపడలేదు, అందుకు.

ఇవాళ్టికి పద్నాలుగు రోజులు. తొమ్మిది కాగితాలు పూర్తయ్యాయి. గోడ మందం రెండడుగుల పది అంగుళాలు. కిటికీలు పది. తూర్పు కమాను కేంద్రాలు రెండు, మధ్య దూరం నాలుగడుగుల ఒక అంగుళం. బలిపీఠం వెనక మూడో వరసలో ఒక రాయి మీద చెక్కినవాడి గుర్తు ఉంది, చేప ఆకారం. డెబ్భై మూడేళ్ళలో ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ చూడలేదు.

ఇవాళ ఆరాధన అయ్యాక ప్రకాశరావు వచ్చాడు. తనకేం పని లేనట్టు కాసేపు నిలబడ్డాడు. టేపు అవతలి కొస పట్టుకోమన్నాను. పట్టుకున్నాడు. "పన్నెండడుగులు" అన్నాడు.

"సరిగ్గా చూసి చెప్పు."

"పన్నెండు మీద... అర అంగుళం. అరంగుళానికి ఏమవుతుంది పిన్నిగారూ?"

"కమాను పడిపోతుంది. ఇంకోసారి చదువు."

చదివాడు. అర అంగుళం కాదు, ముప్పావు. రాసుకున్నాను. తరవాత బల్ల మీద పరిచిన ప్లాను చూశాడు. ఉత్తరం వైపు, వెస్ట్రీ ఉండాల్సిన చోట, గోడ గీత తెగిపోయి కాగితం తెల్లగా ఉంది.

"ఇక్కడ మరిచిపోయారు."

"మరిచిపోలేదు. తెలియదు."

"చిన్న గదే కదండీ. పదడుగులు, పదడుగులు. వేసేయండి. ఎవరు చూడొస్తారు?"

"నువ్వు దగ్గరుండి తీయించావుగా. నువ్వే చెప్పు. తలుపు ఎటుంది?"

"తూర్పుకి" అన్నాడు వెంటనే.

పెన్సిల్ తీశాను. అతను కళ్ళు మూసుకున్నాడు. చిన్నప్పుడు సండేస్కూల్లో అల్లరి చేస్తే అతన్ని ఆ గదిలోనే నిలబెట్టేవాళ్ళు. ఎన్నిసార్లు ఆ తలుపు చూస్తూ నిలబడ్డాడో. చెయ్యి గాల్లో ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"కాదు, పడమరేమో" అన్నాడు.

నేను ఏమీ గీయలేదు. అతను ఆ తెల్లటి చోటు వంక చూస్తూ ఉండిపోయాడు. టేపు కొస ఇంకా అతని చేతిలోనే ఉంది.